తెలుగు తరగతిని చూసినవారు: రెండు శతాబ్దాల బోధనా పరిశీలన



'రేపు పాఠం చూడటానికి వస్తున్నారట' అన్న వార్త బడిలో ఎంత కలకలం రేపుతుందో మీకు చెప్పనవసరం లేదు. గోడలకు కొత్త పటాలు వస్తాయి. బాగా చదివే పిల్లలు ముందు బల్లల మీదికి చేరుతారు. వచ్చినవారు హాజరుపట్టీ తిరగవేసి, సంతకం చేసి వెళ్ళిపోతారు. దానిని తనిఖీ అంటారు. పిల్లలు ఎట్లు నేర్చుకుంటున్నారో తెలుసుకొనడానికి తరగతిలో కూర్చొని చూడటం వేరొక పని. దానిని పరిశీలన అందాము. ఈ రెండవ పనికి మన నగరంలోనూ, తెలుగునాటనూ రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో ముగ్గురిని మీకు పరిచయం చేసి, వారి అనుభవం నేటి చెన్నై తెలుగు తరగతులకు ఏ విధంగా ఉపకరిస్తుందో విన్నవించుకుంటాను.

ఇసుకను చూసిన బెల్

మన టి. నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఎగ్మూరులో 1789లో సైనికుల బిడ్డలైన అనాథ బాలుర కోసం ఒక శరణాలయం వెలసింది. దాని పర్యవేక్షకుడు ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు. ఒకనాటి ఉదయం గుర్రంపై వెళుతూ ఆయన ఒక 'మలబారు' బడిని చూశాడు. ఆనాటి ఆంగ్లేయులు తమిళులను ఆ పేరుతో పిలిచేవారు. పిల్లలు నేలపై పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. తెలుగువారి 'గుంట ఓనమాలు' అన్న మాటలో ఆ పద్ధతి జ్ఞాపకమే నేటికీ నిలిచి ఉన్నది.

కాగితం ఖర్చు లేదు, చెరిపి మళ్ళీ రాయడానికి అడ్డు లేదు. బెల్ దానిని తన బడిలో ప్రవేశపెట్టబోగా అక్కడి ఉపాధ్యాయులు అంగీకరించలేదు. అంతట ఆయన జాన్ ఫ్రిస్కెన్ అనే 8 ఏళ్ళ విద్యార్థికి ఆ పని అప్పగించాడు. ఆ బాలుడు తనకన్న చిన్నవారికి అక్షరాలు చక్కగా నేర్పాడు. 1797లో బెల్ ఈ ప్రయోగాన్ని లండన్‌లో గ్రంథంగా ప్రకటించాడు. అది 'మద్రాసు విధానం' అన్న పేరుతో ఇంగ్లండు అంతటా వ్యాపించింది. అక్కడ 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ తన బడులలో ఆ పద్ధతినే అనుసరించింది.

బెల్‌ది నిశితమైన చూపే. అయితే అది పిల్లల చేతుల మీదనే నిలిచింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి నేర్పడమెట్లు అన్నదే ఆయన సమస్య. వేళ్ళు దిద్దుతున్న అక్షరాలు బుద్ధికి ఎక్కుతున్నవా అన్న ప్రశ్న మరొకరి కోసం మిగిలిపోయింది.

పలుకును విన్న కాంబెల్

ఆ మరొకరు బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. ఆ లెక్కలన్నీ కూడగా 12,498 బడులున్నట్లు 1826లో తేలింది. పలువురు కలెక్టర్లు పట్టికలు నింపి ఊరుకున్నారు. 1823 ఆగస్టు 17 నాటి కాంబెల్ నివేదిక అట్టిది కాదు. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు, అందుచేత పిల్లల పలుకు ఆయన చెవికి ఎక్కింది. ధరంపాల్ 1983లో ప్రచురించిన 'ద బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథంలో ఈ నివేదిక మనకు లభిస్తున్నది.

బళ్ళారి జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. బాలికలు 60 మంది మాత్రమే. ఈ అంకెలకన్న ఆయన బడి లోపల చూసిన సంగతులు విలువైనవి. తెల్లవారి బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాస్తారు. రెండవవానికి సున్న, అనగా మెప్పూ లేదు, నిందా లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాల్గవవానికి రెండు, ఇట్లే పెరుగుతుంది. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పుతారు, ఆ విధంగా తమ చదువునూ గట్టిపరచుకుంటారు. అన్నపు గంజి, బొగ్గు పొడి పూసిన పలకలపై బలపంతో రాస్తారు.

మెచ్చుకొనదగినదానిని మెచ్చుకున్న కాంబెల్, లోపాన్ని కూడ దాచలేదు. పిల్లలు వందల పద్యాలు అప్పగిస్తున్నారు, కాని అర్థం అడిగితే చిలుక పలుకులే. గ్రంథాలలోని కావ్యభాష ఇంటిలో మాట్లాడే భాషకు దూరమైనది. అక్షరాలు వచ్చును గనుక చదవగలరు, చదివినది తెలియదు. 'చదవవేస్తే ఉన్న మతి పోయింది' అన్న మన సామెత ఇట్టి బడిని చూసే పుట్టి ఉండవచ్చును.

ఆయన బడి బయటకూడ చూశాడు. దేశం క్రమక్రమంగా పేదదగుటచేత తల్లిదండ్రులు పిల్లలను పంపలేక బడులు క్షీణిస్తున్నాయని రాశాడు. ఆకలికీ చదువుకూ గల ఆ సంబంధాన్ని శతాబ్దం తరువాత మన నగరం గుర్తించింది. పిట్టి త్యాగరాయ చెట్టి గారి నాయకత్వంలోని మద్రాసు నగరపాలక సంస్థ 1920లో థౌజండ్ లైట్స్‌లోని తన పాఠశాలలో, విద్యార్థికి రోజుకు ఒక అణా మించని ఖర్చుతో, మధ్యాహ్న భోజనం ఆరంభించింది. పేదరికం వల్ల హాజరు తగ్గుతున్నదన్నదే వారు చూపిన కారణం. మన పేట ఆ త్యాగరాయ చెట్టి గారి పేరనే వెలసినదని మీకు తెలిసినదే.

ప్రశ్న అడిగిన యేట్స్

మూడవ వ్యక్తి జె. ఎ. యేట్స్. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలలో పాఠశాలల పరీక్షాధికారిగా పనిచేసిన ఆంగ్లేయుడు. అనగా తనిఖీకి వచ్చినవాడే! కాని తెలుగు పాఠాలు జరిగే తీరు చూసి ఆయనకు ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే భాషకూ పుస్తకాలలోని భాషకూ ఇంత ఎడమెందుకు? విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఇందుకు సమాధానం చెప్పదగినవారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గార్లని ఆయన సూచించారు.

కాంబెల్ కనిపెట్టిన జబ్బునే యేట్స్ కనిపెట్టాడు. భేదమేమనగా, ఆయన నివేదిక రాసి ఊరుకొనక, తెలుగు ఉపాధ్యాయుల వద్దకు ప్రశ్నతో వెళ్ళాడు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర భాషను సవరల నోటినుండి విని నేర్చుకున్న గిడుగు వారికి, వినడమంటే ఏమిటో తెలుసును. అక్కడినుండి సాగిన వ్యావహారిక భాషా వాదం, దానిపై పండితుల ప్రతివాదం, 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపన, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ వారి అసమ్మతి పత్రం – ఇవన్నీ మీరెరిగినవే. అంత పెద్ద ఉద్యమానికి ఒక కారణం తరగతి గదిలో పుట్టిన సందేహమన్న సంగతిని మాత్రం మనం తరచుగా మరచిపోతున్నాము.

నేటి మన తరగతి

ఈ ముగ్గురూ బయటివారు. ఒకరు దారిన పోతూ చూశారు, తక్కిన ఇద్దరూ అధికారులు. నిత్యం తరగతిలో ఉండే ఉపాధ్యాయుడే పరిశీలకుడైతే? చెన్నైలో ఆ అవసరం నేడు మరింత ఉన్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం 1వ తరగతినుండి 10వ తరగతివరకు దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. మన పిల్లవాడు తమిళ, ఆంగ్ల లిపులతోపాటు తెలుగు లిపిని కూడ మోస్తున్నాడు.

ఒక ఉదాహరణ చూడండి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకటే అక్షరం. కనుక మన విద్యార్థి 'గడప'ను 'కడప' అని రాస్తే అది అజాగ్రత్త కాకపోవచ్చును. తమిళంలో ఒత్తులు కింద రాయరు, పొల్లు హల్లు పక్కన మరొక హల్లు రాస్తారు. కనుక 'అమ్మ' అన్నది 'అమ్‌మ' అయితే, అది ఆ బిడ్డ ఒక లిపిలో బాగా నేర్చిన దానిని మరొక లిపిలో ప్రయోగించడమే. ఎర్ర సిరాతో కొట్టివేసిన ఉపాధ్యాయునికి రెండూ తప్పులే. పక్కన కూర్చొని ఆ చేయి ఎక్కడ ఆగుతున్నదో చూసినవారికి రెండింటికీ కారణం తోస్తుంది, రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. 'నీకు తెలుగు రాదు' అన్న మాట నాలుగుసార్లు విన్న బిడ్డను తల్లిదండ్రులు తెలుగు తరగతి మాన్పిస్తారు. ఆ బిడ్డ తరువాత ఆ ఇంటిలో తెలుగు చదివేవారు ఉండకపోవచ్చును.

అందుచేత సహోపాధ్యాయులు ఒకరి తరగతిని ఒకరు చూసుకొనే అలవాటు చేసికొనవలెనని నా మనవి. చూడబోయే ముందు ఇద్దరూ కలిసి ఒకే ప్రశ్న నిర్ణయించుకోండి. గదిలో పక్కగా, పిల్లల ముఖాలు కనబడే చోట కూర్చోండి. 'పాఠం బాగున్నది' అని తీర్పు రాయక, 'మూడవ వరుసలోని బాలిక రెండుసార్లు చేయి ఎత్తింది, పిలుపు రాలేదు' అని కనబడినదే రాయండి. ప్రశ్న వేసిన తరువాత ఎంతసేపు ఆగుతున్నారో లెక్కించండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలో చేసిన పరిశోధనలో ఉపాధ్యాయులు సాధారణంగా ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నట్లు తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల సమాధానాలు పొడవైనాయి, నోరు విప్పేవారి సంఖ్య పెరిగింది. రెండు లిపుల మధ్య మాట వెదుక్కునే మన పిల్లలకు ఆ రెండు సెకన్లు ఎంతో విలువైనవి.

మీరు రాసుకున్న కాగితం ప్రధానోపాధ్యాయుని బల్ల మీదికి పోనవసరం లేదు. అది మీ ఇద్దరిది. మరుసటి వారం మీ తరగతికి వారిని పిలవండి. మీరు చూసినదేమిటో, దానివల్ల మీ బోధనలో మారినదేమిటో తోటి ఉపాధ్యాయులకు తెలియజేయగలరని ఆశిస్తున్నాను.