ఉడుతకు ఎంత తూటా చాలు?

ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో తిరిగే బూడిదరంగు ఉడుత అరకిలోకి అటూ ఇటూగా తూగుతుంది. దాని చుట్టమైన నక్క ఉడుత ఇంకాస్త పెద్దది, కిలో దాకా ఉంటుంది. ఓక్, హికరీ చెట్ల మీద ఎత్తున కూర్చుని కాయలు కొరుక్కునే ఈ జంతువును అక్కడి పల్లె జనం తరతరాలుగా కూర కోసం వేటాడుతున్నారు. కెంటకీలో బర్గూ, వర్జీనియాలో బ్రన్స్‌విక్ స్టూ అనే పులుసుల్లో ఒకప్పుడు ఉడికింది ఈ మాంసమే. వండుకోవడానికి చేసే వేట గనుక తూటా ఎంపికలో చిక్కు వస్తుంది. దెబ్బ బలం చాలకపోతే గాయపడిన ఉడుత తొర్రలోకి దూరి నరకయాతన పడి చస్తుంది. బలం మితిమీరితే మాంసం ఛిద్రమై వంటకు పనికిరాదు. గురి పెట్టాల్సిన తలేమో అంగుళం, అంగుళన్నర వెడల్పు. ఈ మూడింటికీ సరిపడే తూటా కోసం వెతుకులాట తుపాకుల చరిత్రలో పెద్ద అధ్యాయమే అయింది. తయారీదారులు వేగాన్నీ బలాన్నీ పెంచిన ప్రతిసారీ ఉడుత వేటగాళ్లలో ఎక్కువమంది పాత, నెమ్మదైన తూటా దగ్గరికే తిరిగి రావడం ఆ అధ్యాయమంతటా కనిపిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఉడుత కూర మాత్రమే కాదు, రైతుకు శత్రువు కూడా. మొక్కజొన్న చేల మీద దండుగా పడేది. 1749లో పెన్సిల్వేనియా వలస ప్రభుత్వం ఉడుత ఒక్కింటికి మూడు పెన్నీల బహుమానం ఇచ్చింది. ఆ ఏడాది మొత్తం 8,000 పౌండ్లు చెల్లించారని అక్కడ పర్యటించిన స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త పేర్ కాల్మ్ రాశాడు. లెక్క కడితే అవి 6,40,000 ఉడుతలు. ఆ రాష్ట్రంలోనే లాంకాస్టర్ పరిసరాల్లో స్థిరపడిన జర్మన్ కమ్మరులు తమ దేశపు పొట్టి, లావు వేట రైఫిల్‌ను కొత్త నేలకు తగ్గట్టు మార్చారు. గొట్టాన్ని మూడున్నర అడుగులకు పైగా సాగదీశారు, లోపలి రంధ్రాన్ని సన్నం చేశారు. కారణం పొదుపు. సీసమూ మందూ దూరం నుంచి మోసుకొచ్చుకోవాల్సిన సరుకులు. అరంగుళం రంధ్రమున్న తుపాకికి పౌను సీసంతో నలభై గుండ్లు కూడా గగనమే. .32 అంగుళాల రంధ్రానికి బఠాణీ గింజంత గుండు చాలు, పౌనుకు నూట యాభై దాకా వస్తాయి. ఇలాంటి సన్న గొట్టాల తుపాకులకే ఉడుత రైఫిళ్లని పేరు పడింది.

ఆ కాలపు వేటగాడికి తర్వాతి తరాలకు లేని స్వేచ్ఛ ఒకటుండేది. కొమ్ములోంచి మందును కొలిచి పోసుకునేది తనే కాబట్టి, ఉడుతకు కొంచెం, జింకకు మరికొంచెం అని ప్రతి కాల్పుకూ బలాన్ని తనే నిర్ణయించుకునేవాడు. మాంసం చెడకుండా ఉండేందుకు మరో ఉపాయమూ ప్రచారంలోకి వచ్చింది. ఉడుతను కాకుండా అది కూర్చున్న చోట బెరడును కొడితే, ఆ అదురుకే ఉడుత చచ్చి కింద పడుతుంది. డేనియల్ బూన్ అలా కొట్టడం కళ్లారా చూశానని పక్షుల చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబన్ 1831లో రాశాడు. వాళ్లిద్దరూ అసలు కలిశారా అని చరిత్రకారులకు అనుమానం ఉంది. అయినా ఆ వర్ణన వేటగాళ్ల నోళ్లలో నిలిచిపోయింది. ఉడుత వేట నేర్పిన గురికి ప్రభుత్వాలు ఎంత విలువిచ్చాయో 1862లో తెలిసింది. అంతర్యుద్ధంలో దక్షిణాది సేన సిన్సినాటి మీదికి వస్తున్నప్పుడు ఒహాయో గవర్నర్ డేవిడ్ టాడ్ పిలుపు అందుకుని పదిహేను వేలకు పైగా పల్లెవాసులు సొంత తుపాకులతో నగరానికి తరలివచ్చారు. వాళ్లను ‘ఉడుత వేటగాళ్లు’ అనే పిలిచారు. దాడి జరగకుండానే శత్రువు వెనుదిరిగాడు.

అప్పటికే ఐరోపాలో ఓ చిన్న వస్తువు ఈ వేట రూపాన్ని మార్చే పనిలో ఉంది. 1845లో పారిస్ తుపాకీ పనివాడు లూయీ నికొలా ఫ్లోబేర్ మందును అంటించే రాగి టోపీలోనే గుండును కూర్చి ఓ బుల్లి తూటా చేశాడు. అందులో వేరే మందంటూ లేదు. టోపీలోని పేలుడు పదార్థమే గుండును నెట్టేది. ఇంటి హాల్లో సరదాగా గురి చూసి కాల్చుకునే తుపాకుల కోసం పుట్టిన ఆ తూటాను అమెరికాలో హొరేస్ స్మిత్, డేనియల్ వెసన్ అందుకున్నారు. డొల్లను పొడిగించి పావు గ్రాము నల్లమందు పోశారు. ముందు 29 గ్రెయిన్లు, అంటే 1.9 గ్రాముల సీసం గుండు అమర్చారు. 1857లో వాళ్ల చిన్న రివాల్వర్‌తో పాటు వచ్చిన ఈ తూటానే నేటి .22 షార్ట్. దీని నిర్మాణం తెలిస్తే తర్వాతి కథ అర్థమవుతుంది. డొల్ల అడుగున చుట్టూ ఉండే మడత అంచులో పేలుడు పదార్థం నింపుతారు. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను ఆ అంచును చిదుపుతుంది, నిప్పు పుడుతుంది, మందు అంటుకుంటుంది. పిన్ను చిదపాలంటే డొల్ల పలచగా, మెత్తగా ఉండక తప్పదు. మెత్తని డొల్ల ఎక్కువ పీడనానికి ఆగదు. అంచు నలిగిపోతుంది కనుక మళ్లీ మందు నింపుకునే వీలూ లేదు. చవకదనం, మితమైన బలం రెండూ ఈ నిర్మాణంలోనే ఇమిడి ఉన్నాయి. బలాన్ని నిర్ణయించే పని మాత్రం వేటగాడి కొలపాత్ర నుంచి ఫ్యాక్టరీ చేతికి పోయింది. ఇక అతనికి మిగిలింది పెట్టెల మధ్య ఎంపిక.

1871లో డొల్లను ఇంకొంచెం పొడిగించి .22 లాంగ్ తెచ్చారు. 1887లో మసాచుసెట్స్ రాష్ట్రం చికొపీ ఫాల్స్‌లోని స్టీవెన్స్ కంపెనీ ఆ లాంగ్ డొల్లకే 40 గ్రెయిన్ల గుండు, అంటే 2.6 గ్రాములది, బిగించింది. అదే .22 లాంగ్ రైఫిల్. గుండు బరువు పెరగడంతో గాలిలో వేగం తొందరగా తగ్గదు, యాభై గజాల దగ్గర గుళ్లు ఒకచోట పడతాయి. పుట్టి దాదాపు నూట నలభై ఏళ్లయినా దీన్ని ఏ తూటా పక్కకు నెట్టలేకపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక వేటకు చోటులేని మన దేశంలోనూ ఈ కొలత కొత్తది కాదు. ఎన్‌సీసీ శిబిరాల్లో విద్యార్థులు మొదట పట్టుకునేది ‘పాయింట్ టూ టూ’ రైఫిల్‌నే. హైదరాబాదీ గగన్ నారంగ్ 2014 కామన్వెల్త్ క్రీడల్లో యాభై మీటర్ల ప్రోన్ విభాగంలో రజతం గెలిచిందీ, ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పాతిక మీటర్ల పిస్టల్‌లో పతకం తెచ్చిందీ ఈ లాంగ్ రైఫిల్ తూటాతోనే.

దీనికి పోటీలు లేకపోలేదు. 1890లో బ్రౌనింగ్ సోదరులు రూపొందించిన పంప్ రైఫిల్ కోసం వించెస్టర్ కంపెనీ 45 గ్రెయిన్ల చదును ముక్కు గుండుతో .22 డబ్ల్యూఆర్ఎఫ్ తెచ్చింది. దీని గుండు డొల్ల లోపలికి కూర్చుని ఉంటుంది కాబట్టి పూసిన గ్రీజుకు జేబులోని దుమ్ము అంటదు. లాంగ్ రైఫిల్‌కు ఆ ఇబ్బంది ఇప్పటికీ ఉంది. స్టీవెన్స్ కంపెనీదే మరో తూటా, .25 స్టీవెన్స్, 65 గ్రెయిన్లకు పైబడిన గుండుతో నెమ్మదిగా వెళ్లి గట్టిగా తగిలేది. మాంసం పెద్దగా చెడేది కాదు. ఉడుత, కుందేలు వేటకు లాంగ్ రైఫిల్ కంటే ఇదే తగినదని వాదించిన పాతకాలం వేటగాళ్ల మాటలో న్యాయముంది. ధర దాన్ని చంపింది. లాంగ్ రైఫిల్ పెట్టె చవక, ఊరూరా దొరికేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో .25 తయారీ ఆగిపోయింది.

ఈలోగా పొగలేని మందు వచ్చింది, దానితో తుప్పు సమస్యా వచ్చింది. టోపీ పదార్థంలోని పొటాషియం క్లోరేట్ మండాక గొట్టంలో ఉప్పులాంటి మడ్డి మిగులుతుంది. నల్లమందు రోజుల్లో మసి ఎక్కువ కనుక తుపాకిని నీళ్లతో కడిగేవారు, ఆ ఉప్పు కూడా కొట్టుకుపోయేది. కొత్త మందుతో గొట్టం శుభ్రంగానే కనిపించేది. కడగడం మానేసిన ఇళ్లలో సన్న గొట్టాలు లోలోపల తినేసుకుపోయాయి. 1920ల చివర్లో రెమింగ్టన్ ‘క్లీన్‌బోర్’ పేరుతో తుప్పు పట్టించని టోపీ పదార్థాన్ని తేవడం లాంగ్ రైఫిల్‌కు పెద్ద మేలు చేసింది.

1930 ప్రాంతంలో వేగం పోటీ మొదలైంది. సాధారణ లాంగ్ రైఫిల్ గుండు సెకనుకు 1,070 – 1,080 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. ధ్వని వేగం దాదాపు 1,125 అడుగులు. హై వెలాసిటీ రకాలు 1,250 దాకా వెళతాయి. వేగంగా పోయే గుండు గాలికి తక్కువ పక్కకు జరగాలని ఎవరికైనా అనిపిస్తుంది. .22 విషయంలో జరిగేది దీనికి తలకిందులు. ధ్వని వేగం సరిహద్దుల్లో గాలి నిరోధం ఒక్కసారిగా పెరిగి గుండు తొందరగా వేగం కోల్పోతుంది. ఆ నష్టంలోనే పక్కగాలి దాన్ని తోసుకుపోతుంది. అందుకే ఒలింపిక్ షూటర్లు నెమ్మది తూటానే వాడతారు. ఉడుత వేటగాడికి ఇంకో లాభమూ ఉంది. ధ్వని వేగం లోపే ఉంటే గాల్లో చెళ్లుమనే పేలుడు ఉండదు, పక్క చెట్టు మీది ఉడుత బెదరదు. బోలు ముక్కు గుండు తగలగానే విచ్చుకుంటుంది, ఛాతీకి తగిలినా వెంటనే ప్రాణం తీస్తుంది, కాని కొంత మాంసం పోతుంది. తలకు గురి పెట్టగలిగినవాడికి గట్టి సీసం గుండే చాలు.

1930లోనే వచ్చిన .22 హార్నెట్ మధ్యలో టోపీ ఉండే వేరే జాతి తూటా. 45 గ్రెయిన్ల గుండును 2,400 అడుగుల వేగంతో విసురుతుంది, లాంగ్ రైఫిల్‌కు నాలుగింతల శక్తి. 1959 నాటి .22 మాగ్నమ్, 2002లో హార్నడీ తెచ్చిన .17 హెచ్ఎంఆర్ మళ్లీ అంచు మడత తూటాలే అయినా వేగంలో చాలా ముందున్నాయి. .17 గుండు 17 గ్రెయిన్లే, ఒక గ్రాము పైచిలుకు. 2,550 అడుగుల వేగంతో నూట యాభై గజాల దాకా దాదాపు తిన్నగా పోతుంది. పచ్చిక మైదానాల్లో దూరాన కనిపించే ప్రెయిరీ డాగ్‌లకు ఇది అచ్చంగా సరిపోయింది. ఉడుత శరీరానికి తగిలితే మాత్రం ఏమీ మిగలదు. చెట్ల మధ్య యాభై గజాలకు మించి కాల్చే అవకాశం అరుదు గనుక ఆ తిన్నని దారికి అక్కడ విలువా తక్కువే. ఆకాశం కేసి కాల్చిన .22 గుండు కూడా మైలుకు పైగా పోగలదు. వెనక లావుపాటి మాను లేకుండా కొమ్మ మీది ఉడుతను రైఫిల్‌తో కాల్చకూడదన్నది అక్కడ పిల్లలకు మొదట నేర్పే పాఠం.

ఇప్పుడు ప్రశ్న సీసం మీదికి మళ్లింది. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసం ముక్కలు తిని కాండార్ రాబందులు చనిపోతున్నాయని కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. రాబందుల కోసం అది తీసుకోవాల్సిన నిర్ణయమే. అయితే .22కి ఇది కష్టకాలం. రాగి సీసం కంటే తేలిక. డొల్ల, గొట్టంలోని మరలు 40 గ్రెయిన్ల సీసానికి కుదిరినవి, పదహారు అంగుళాలకు ఒక చుట్టు. అందుకే సీసం లేని గుళ్లు చిన్నవిగా, 21 గ్రెయిన్ల బరువుతో, 1,850 అడుగుల వేగంతో వస్తున్నాయి. అంత తేలిక గుండు గాలిలో త్వరగా నీరసిస్తుంది, కొన్ని గొట్టాల్లో కుదురుగా పోదు. ఏ గొట్టానికి ఏ పెట్టె నప్పుతుందో ముందే చెప్పడం సీసం విషయంలో కూడా కష్టమే. ఒకే కంపెనీవి రెండు తుపాకులైనా వేర్వేరు తూటాలను కోరతాయి. కాబట్టి అనుభవజ్ఞులు నాలుగైదు రకాలు కొని, యాభై గజాల దగ్గర కాగితం మీద ఒక్కో రకం ఐదేసి కాల్చి చూస్తారు. అంగుళం లోపు చుక్కలు పడ్డ రకాన్నే, అదే తయారీ నంబరు పెట్టెలు మరికొన్ని తెచ్చుకుని, శరదృతువు వేటకు దాచుకుంటారు.