మార్లవాయి నుంచి డీఎస్సీ దాకా

మన గూడేల్లో నెల జీతం ఇంటికి తెచ్చిన మొదటి మనిషి ఎవరని అడిగితే, చాలా చోట్ల వచ్చే జవాబు ఒక్కటే: పంతులు. పోలీసు కంటే ముందు, బ్యాంకు ఉద్యోగి కంటే ముందు, డాక్టరు కంటే చాలా ముందు మన ఇళ్లల్లో పంతులే పుట్టాడు. ఇవాళ కూడా ఇంటర్ అయిన పిల్లను ఏం చదువుతావమ్మా అంటే ముందు డీఎడ్ పేరే చెబుతుంది. డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కానీ మనవాళ్లు మొదటిసారి పంతుళ్లు ఎలా అయ్యారు, బడిలో పాఠం చెప్పడానికి 'అర్హత' ఏమిటన్నది ఎప్పుడెప్పుడు ఎవరు నిర్ణయించారు అన్న సంగతి మన పిల్లలు చదివే పుస్తకాల్లో దాదాపు కనిపించదు. అందుకే ఈ సంచికలో ఆ కథ రాస్తున్నాం.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఈ కథ జోడేఘాట్‌తో మొదలవుతుంది. 1940లో కుమ్రం భీము నిజాం పోలీసుల తూటాలకు అమరుడయ్యాక, ఈ అడవుల్లో ఇంత కోపం ఎందుకు రగిలిందో తెలుసుకోవాలని సర్కారుకు అనిపించింది. ఆ పని మీద వచ్చినవాడే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్థుడు, మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు అతని చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి, హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదని ఆంక్ష పెట్టారు. ఆ ఆంక్ష మనకు కలిసొచ్చిందనే చెప్పాలి. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి అతను మార్లవాయిలో, మనవాళ్ల మధ్య కాపురం పెట్టాడు. ఇప్పుడది కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది.

అతను చూసిన మొదటి సమస్య భూమి. దాని వెనకే ఇంకోటి కనిపించింది. భూమి పోయేది ఎక్కువగా కాగితం మీద. షావుకారు రాసుకున్న అప్పు పత్రం, పట్వారీ రాసిన పహాణీ, అటవీ శాఖ వాళ్లిచ్చిన రసీదు - వీటిలో ఏముందో చదివి చెప్పే మనిషి గూడెంలో లేడు. పట్టా ఇప్పించినా, దాన్ని చదవలేని చేతిలో అది ఎంతకాలం నిలుస్తుంది? కాబట్టి బడి కావాలి. బడి కావాలంటే పంతులు కావాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. సంస్థానంలో చదువు ఉర్దూలో. జిల్లాలో బయటివాళ్లు మాట్లాడేది మరాఠీ, తెలుగు. మన పిల్లలు మాట్లాడేది గోండి, కొలామి. పట్నంలో ట్రైనింగ్ అయిన పంతులు అడవిలోకి రాడు, వచ్చినా పిల్లలతో మాట కలవదు. గోండి వచ్చినవాళ్లకేమో చదువు లేదు. మామూలుగా ఏ సర్కారైనా ఇక్కడ ఆగిపోయి 'అర్హులైన అభ్యర్థులు లేరు' అని ఫైలు మూసేసేది. ఆ మాట ఆ తర్వాత మనం ఎన్నిసార్లు వినలేదు!

1943లో మొదలైన గోండు విద్యా పథకం ఆ ప్రశ్ననే తిరగేసింది. పంతుళ్లు లేకపోతే తయారు చేద్దాం అనుకున్నారు. మరాఠీలో చదవడం, రాయడం ఏ కొంచెమో నేర్చుకున్న గోండు యువకులను వెతికి తెచ్చి మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్చుకున్నవాళ్లు ఊళ్లకు వెళ్లి బడులు తెరిచారు. గోండిలో వాచకాలు తయారయ్యాయి. లిపి మాత్రం దేవనాగరి. ఆ ప్రాంతంలో చదువు వచ్చిన కొద్దిమందికి వచ్చింది మరాఠీ అక్షరాలే కాబట్టి అది సహజమైన ఎంపిక. మార్లవాయిలో తయారైనవాళ్లలో కొందరు పట్వారీలుగా, గుమాస్తాలుగా, అటవీ శాఖలో చిన్న ఉద్యోగులుగా కూడా చేరారు. ఈ పనికి తోడు నిలిచిన హైదరాబాద్ సివిల్ సర్వీసు అధికారి సేతుమాధవరావు పగడి గోండి, కొలామి నేర్చుకుని వాటి గురించి రాశాడు. ఏజెన్సీకి వచ్చే అధికారి మన భాష నేర్చుకోవడం అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే.

ఈ ఆలోచన తెలుగువాళ్లకు పూర్తిగా కొత్త కాదు. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, సవరలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు అందరికీ తెలుసు. సవర పిల్లకు సవరలోనే పాఠం చెప్పాలన్న గిడుగును మనం ఇంకొంచెం ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి. అయితే గిడుగు చేసింది ఒక మనిషి చేసిన పని. మార్లవాయిలో జరిగింది సర్కారు తన ఖర్చుతో, తన ఉత్తర్వుతో చేసిన పని. గోండి రావడం అక్కడ ఒక అర్హత. అదే మొదటి అర్హత.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1948లో సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడి భాష తెలుగు అయింది. దేవనాగరిలో అచ్చయిన గోండి వాచకాలు మూలకు చేరాయి. ఇక్కడ ఒక వింత చెప్పాలి. భాషా ప్రయుక్త రాష్ట్రాల కోసం 1956లో చేసిన ఏడో రాజ్యాంగ సవరణతోనే 350ఏ అధికరణం కూడా వచ్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని అది రాష్ట్రాలను కోరుతుంది. రాజ్యాంగంలో ఆ హామీ చేరిన కాలంలోనే మన బడుల్లోంచి మన భాష బయటికి పోయింది.

ఆ తర్వాత అర్హత అంటే భాష కాదు, సర్టిఫికెట్. ఏడో ఎనిమిదో చదివి ట్రైనింగ్ అయినవాళ్లు ఒక గ్రేడు, హైస్కూలు పూర్తిచేసి ట్రైనింగ్ అయినవాళ్లు సెకండరీ గ్రేడు. ఒకటో తరగతికి చెప్పే టీచరును ఇప్పటికీ 'సెకండరీ గ్రేడ్ టీచర్' అని ఎందుకంటారో తెలియక తికమకపడే పిల్లలు చాలామంది. ఆ పేరు పాత గ్రేడుల నుంచి మిగిలింది, అంతే. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాల్లో డైట్ కాలేజీలు వచ్చాయి. టీటీసీ కాస్తా డీఎడ్ అయింది, ఇప్పుడు డీఈఎల్‌ఈడీ. మెట్టు మెట్టుకీ ఎత్తు పెరిగింది. మంచి చదువు చెప్పే పంతులు కావాలంటే ఎత్తు పెరగడం తప్పని మేం అనం. కానీ పదో తరగతి దాటడమే గగనమైన గూడెం నుంచి ఆ మెట్లు ఎక్కేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఫలితం మీకు తెలిసిందే, మీ అమ్మానాన్నలను అడగండి. 1970ల తర్వాత ఐటీడీఏలు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి, పోస్టులు మంజూరయ్యాయి. ఆ పోస్టుల్లోకి మైదాన ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లలో నిజాయితీగా పనిచేసినవాళ్లు ఉన్నారు. గోండి నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు దండం. అయితే జీతం ఏజెన్సీలో, కాపురం పట్నంలో అన్నట్టు గడిపినవాళ్లే ఎక్కువ. వానాకాలం వాగు పొంగితే బడికి తాళం. వచ్చిన రోజున కూడా మాట కుదరదు. నీళ్లకు మనం 'ఏర్' అంటాం. దాహమై పిల్లాడు 'ఏర్' అంటే, వాగు సంగతి ఏదో చెబుతున్నాడనుకుంటాడు పంతులు. అంకెలు చెప్పమంటే మన పిల్ల 'ఉండి' అని మొదలుపెడుతుంది. మనకు ఉండి అంటే ఒకటి. తెలుగు చెవికి అది లెక్కలా వినిపించదు. ఈ పిల్లలకు చదువు ఎక్కదు అన్న మాట చాలా వరకు ఇలాగే పుట్టింది.

ఈ పరిస్థితిలోంచే 1986 నవంబరు 5న జీవో 275 వచ్చింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకిచ్చిన అధికారంతో, షెడ్యూల్డు ప్రాంతాల్లోని టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని ప్రకటించారు. 1988లో జీవో 73తో చిన్న సడలింపు ఇచ్చారు: అర్హులైన స్థానిక గిరిజనులు దొరికే దాకా ఇతరులను పెట్టుకోవచ్చు. 'అర్హులు దొరికే దాకా' అన్న ఆ ఒక్క ముక్కలో మన సమస్య మొత్తం ఉంది. పోస్టు మనది, సర్టిఫికెట్ మన దగ్గర లేదు. అయినా ఆ జీవో మన యువకులను ట్రైనింగ్ వైపు తోసింది. 1989లో పరిపాలనా ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టులో వేసిన అప్పీలును 1998లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

తర్వాత 2000 జనవరి 10న వచ్చిందే మనందరి నోట్లో నానిన జీవో నంబర్ 3. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకు, అందులో మూడో వంతు మహిళలకు. టీచర్లు బడికి రాకపోవడం విపరీతంగా ఉందన్నది ప్రభుత్వం చూపిన కారణాల్లో ఒకటి. స్థానికులంటే 1950 జనవరి 26 నాటి నుంచి అక్కడే ఉంటున్న కుటుంబాల వాళ్లని అర్థం చెప్పారు. మళ్లీ ట్రిబ్యునల్‌లో ఓడింది. 2001లో హైకోర్టు ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో నిలిచింది.

ఆ జీవో నిలిచిన దాదాపు ఇరవై ఏళ్లలో మన సమాజంలో జరిగిన మార్పు లెక్కలు తీయకుండానే కళ్లకు కనిపిస్తుంది. మా సంఘంలో సగం పని నడిపేది ఆ ఏళ్లలో టీచర్లయినవాళ్లే. మూడో వంతు మహిళలకన్న నిబంధన గురించి తక్కువ మాట్లాడుకుంటాం కానీ, మా లెక్కలో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది అదే. గూడెం ఆడపిల్ల బ్యాగు వేసుకుని బడికి వెళ్లి, అదే బడిలో టీచరమ్మగా తిరిగి రావడం వెనకాల పిల్లలందరూ చూశారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అని ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, వాచకాలు తీసుకొచ్చింది. ఆ వాచకాలు తెరిచి పాఠం చెప్పగలిగినవాళ్లు ఉన్నారంటే అందుకు కారణం స్థానికులు టీచర్లుగా ఉండటమే.

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లల్లో ఉన్నప్పుడు, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. 1950 నాటి నివాసం అడగడం సరికాదంది. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. ఇక ముందు 50 శాతం పరిమితి దాటకూడదన్న షరతు మీద, అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కదపలేదు. గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననే ఆ తీర్పు గట్టి మాటలతో తప్పుపట్టింది. తీర్పును గౌరవిస్తూనే మా మాట మేం చెబుతాం. మనం కోరింది మనవాళ్లే చెప్పాలని కాదు, పిల్లల మాట అర్థమయ్యేవాళ్లు చెప్పాలని. ఆ రెండు కోరికలూ మన ఏజెన్సీలో ఒక్కటే కావడం మన తప్పు కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారి ఇదీ. తెలంగాణలో 2022 నుంచి ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. ఏజెన్సీ పోస్టు అయినా పోటీ అందరితో. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు పడ్డాయి. 2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ ఉత్తర్వుతో వచ్చిన టెట్ తప్పనిసరి. ఎస్టీలకు 150కి 60 మార్కులు వస్తే అర్హత. ఆ 60 దగ్గర ఆగితే సరిపోదు, టెట్ మార్కులు డీఎస్సీ ర్యాంకులో కలుస్తాయి. ఇంకోటి జాగ్రత్త: బీఎడ్ చదివినవాళ్లు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చేసింది. చిన్న పిల్లలకు చెప్పాలని ఉంటే ఇంటర్ తర్వాత డీఈఎల్‌ఈడీలో చేరండి. ఎవరో చెప్పారని బీఎడ్‌కు డబ్బు కట్టి తర్వాత బాధపడిన పిల్లలు మా మధ్యే ఉన్నారు.

టెట్ మొదటి పేపరులో 30 మార్కులు మొదటి భాషకు. అభ్యర్థి ఎంచుకోవడానికి తెలుగు ఉంది, ఉర్దూ ఉంది, హిందీ, మరాఠీ, కన్నడ, తమిళం ఉన్నాయి. గోండి లేదు, కొలామి లేదు. 1943లో మార్లవాయిలో మొదటి అర్హతగా చూసిన దానికి ఇవాళ ఒక్క మార్కు కూడా రాదు. నార్నూర్ మండలం గుంజాలలో మన పెద్దలు దాచిన చేతిరాత ప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫోన్‌లో రాసుకోవడానికి పనికొచ్చిన భాష పరీక్ష పేపరుకు పనికిరాదా? ఏజెన్సీ పోస్టులకు స్థానిక భాష వచ్చినవాళ్లకు అదనపు మార్కులు ఇవ్వాలన్నది మా డిమాండు. ఇందులో కులం అడగడం లేదు, నివాసం అడగడం లేదు. కాబట్టి ఎవరు నేర్చుకున్నా వాళ్లకు మార్కులు వస్తాయి, బయటివాళ్లకైనా సరే. కలెక్టరు కూర్చునే కేస్లాపూర్ నాగోబా దర్బారు కూడా హైమన్‌డార్ఫ్ కాలంలో మొదలైందే. ఈ అర్జీ అక్కడ పెట్టడం సబబుగా ఉంటుంది.

హైమన్‌డార్ఫ్, బెట్టీ ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. అక్కడ శిక్షణ పొందిన మన పంతుళ్ల పేర్లు మాత్రం ఒక్కచోట రాసి లేవు. మీ తాతల ఇనప్పెట్టెల్లో దేవనాగరి అక్షరాల గోండి వాచకం కానీ, ఆనాటి సర్టిఫికెట్ కానీ, జీతం రసీదు కానీ ఉంటే పారేయకండి. వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, ఊరి పేరు, తాత పేరు రాసి సంఘానికి పంపండి.