ఊరేగింపు వెనుక బడి: అమలాపురం చెడీ తాలింఖానా – ఒక చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమకు అమలాపురం ప్రధాన పట్టణం. ఏటా విజయదశమినాడు ఈ పట్టణంలోని వీధులు వేర్వేరుగా వాహనాలను అలంకరించి ఊరేగింపుగా బయలుదేరతాయి. ప్రతి వాహనం ముందూ ఆ వీధి పిల్లలు, యువకులు, పెద్దలు కర్రలు, కత్తులు, బల్లేలు తిప్పుతూ విద్యను ప్రదర్శిస్తారు. ఈ ప్రదర్శనకు స్థానికంగా ‘చెడీ తాలింఖానా’ అని పేరు. కొంకాపల్లి, మహిపాలవీధి, గండువీధి, రవణంవీధి, నల్లావీధి, శ్రీరామపురం మొదలైన వీధుల పేర్లు ఈ ఉత్సవంతో విడదీయరానివిగా వినిపిస్తాయి.

ప్రపంచంలో అనేక సమాజాలు తమ యువతరానికి నేర్పిన క్రమశిక్షణను ఏడాదికొకసారి వీధిలో ప్రదర్శించుకుంటాయి. అమెరికా ఉన్నత పాఠశాలల కవాతు బ్యాండ్లు, వాటి ముందు లయబద్ధంగా కర్ర తిప్పుతూ నడిచే మేజొరెట్ బాలికల బృందాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. గోదావరి డెల్టాలో ఆ స్థానానికి అత్యంత సమీపంగా నిలిచేది చెడీ తాలింఖానా. అయితే అక్కడ పిల్లలను తయారుచేసి పంపేది పాఠశాల, ఇక్కడ వీధి. ఈ భేదం తాలింఖానా చరిత్రను అర్థం చేసుకోవడానికి కీలకం. దీనిని ఇంతవరకు ఎక్కువగా దసరా వేడుకగానో, స్వాతంత్ర్యోద్యమ స్మృతిగానో వర్ణించడం జరుగుతోంది. పేరు, రూపం, చారిత్రక సందర్భం అనే మూడింటిని కలిపి చూస్తే ఇది మూలంలో ఒక శిక్షణాసంస్థ అనీ, ఊరేగింపు దాని వార్షిక పరీక్ష మాత్రమే అనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేరు చెప్పే చరిత్ర

‘చెడీ’ అనేది హిందీ, ఉర్దూల్లోని ‘ఛడీ’కి తెలుగు ఉచ్చారణ. దాని అర్థం కర్ర, బెత్తం. ‘తాలీమ్’ అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. విద్య, శిక్షణ అని అర్థం. ‘ఖానా’ పారశీక పదం. ఇల్లు, శాల అని అర్థం. కారఖానా, దవాఖానా, బందిఖానా అన్న మాటల్లో ఉన్నది ఇదే. కాబట్టి ‘చెడీ తాలింఖానా’ అంటే కర్ర విద్య నేర్పే శాల. ఈ పేరులో దేవత లేదు, పండుగ లేదు, ఊరేగింపు లేదు. ఉన్నవి సాధనం, శిక్షణ, స్థలం. చోటుకు పెట్టిన పేరు ఆ చోటు నుంచి వెలువడే ప్రదర్శనకు కాలక్రమంలో సంక్రమించింది.

ఈ విద్యకు తెలుగులో అంతకుముందే మాటలు ఉన్నాయి. వ్యాయామాన్నీ ఆయుధాభ్యాసాన్నీ ‘సాము’ అన్నారు. అభ్యాసస్థలాన్ని ‘గరిడి’ అన్నారు. కన్నడంలోని ‘గరడి’ దీనికి సోదర పదం. కర్రసాము, కత్తిసాము, సాముగరిడీలు అన్న ప్రయోగాలు నేటికీ వాడుకలో ఉన్నాయి. దేశీయమైన మాట అందుబాటులో ఉండగా పరభాషా పదం ఎందుకు నిలిచిందన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానాన్ని ఈ ప్రాంతపు పాలనా చరిత్రలో వెతకాలి. రాజమహేంద్రవరం గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలోకి, తరువాత మొగలుల, నిజాం అధికార పరిధిలోకి వచ్చింది. సర్కారు, ఫౌజుదారు, జమీందారు, సిపాయి వంటి పాలనా, సైనిక పదాలు ఈ క్రమంలోనే తెలుగులో స్థిరపడ్డాయి. మహారాష్ట్రలో కుస్తీ శాలను నేటికీ ‘తాలీమ్’ అనే పిలుస్తారు. దక్కను సైనిక సంస్కృతితో పాటు ఈ పదం విస్తరించిందనడానికి ఇది బలమైన ఆధారం. దేవీ ఉత్సవంలో భాగమైన విద్యకు అరబ్బీ, పారశీక మూలాలున్న పేరు ఉండటం భక్తులకు ఎన్నడూ అభ్యంతరం కాలేదు. ఆయుధవిద్య మతాల సరిహద్దులను దాటి చేతులు మారిందనడానికి పేరే సాక్ష్యం.

3. ప్రదర్శన స్వరూపం

తాలింఖానాలో వాడే సాధనాలు అనేకం: కర్ర, బాణాకర్ర, పట్టాకత్తి, బల్లెం, లేడికొమ్ములు. రాత్రివేళ నిప్పు అంటించి తిప్పే అగ్గిబరాటాలు చూపరులను విశేషంగా ఆకర్షిస్తాయి. కళ్లకు గంతలు కట్టుకున్న ప్రదర్శకుడు, నేలమీద పడుకున్న సహచరుడి ఒంటిమీద ఉంచిన కూరగాయలనో కొబ్బరికాయనో కత్తితో నరకడం ఇందులో అత్యంత క్లిష్టమైన అంశం.

ఈ అంశాలన్నింటిలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. ఏదీ ఒంటరిగా, ఒక్కరోజులో నేర్చుకోగలిగింది కాదు. కర్ర తిప్పేవాడి చుట్టూ ఎంత ఖాళీ ఉండాలో పక్కవాడికి తెలియాలి. కళ్లకు గంతలు కట్టుకున్నవాడికి కత్తి బరువు, చేతి దూరం దేహస్మృతిగా మారి ఉండాలి. పడుకున్నవాడికి అతని శిక్షణమీద నమ్మకం ఉండాలి. ప్రేక్షకుడు సాహసంగా చూసేది వాస్తవానికి సుదీర్ఘమైన అభ్యాసానికి ఫలితం. దసరాకు ముందు వీధుల్లో సాగే సాధన ఈ కారణంగానే ఉత్సవంలో అంతర్భాగం.

కవాతు బ్యాండుతో పోలిక ఇక్కడ ఉపయోగపడుతుంది. యూరోపియన్ సైన్యాల్లో డ్రమ్ మేజర్ పొడవైన కర్రతో బ్యాండును నడిపించేవాడు. ఆ కర్ర మొదట ఆజ్ఞకు సంకేతం. క్రమంగా దానిని తిప్పడమే ఒక కళ అయింది. 20వ శతాబ్ది అమెరికా పాఠశాలల్లో ఆ కళ మేజొరెట్ బాలికల చేతికి వచ్చింది. యుద్ధసాధనం, ఆజ్ఞాదండం పండుగ సాధనాలుగా మారడం రెండు చోట్లా కనిపిస్తుంది. భేదం ఆయుధస్వభావంలో ఉంది. మేజొరెట్ చేతి కర్ర పూర్తిగా అలంకారంగా మారింది. తాలింఖానా కర్ర, కత్తి మాత్రం దెబ్బతీసే శక్తిని నిలుపుకొనే ఉన్నాయి. అందుకే ఇక్కడ గురువు పాత్ర అనివార్యం.

4. ఆవిర్భావ కథనం: రెండు పొరలు

స్థానిక కథనం తాలింఖానా ఆవిర్భావాన్ని 19వ శతాబ్దికి తీసుకువెళ్తుంది. మహిపాలవీధికి చెందిన అబ్బిరెడ్డి రామదాసు యువకులకు ఈ విద్య నేర్పడానికి పూనుకున్నాడనీ, ఆంగ్లేయులను ఎదిరించే శక్తిని వారిలో కలిగించడం ఆయన ఆశయమనీ ఆ కథనం చెబుతుంది. ఈ జ్ఞాపకంలో రెండు కాలాల పొరలు కలిసి ఉన్నాయని గుర్తించాలి.

మొదటిది ఆయుధవిద్య ఆదరణ కోల్పోయిన కాలం. 1758 డిసెంబరులో పిఠాపురానికి సమీపంలోని చందుర్తి వద్ద ఆంగ్లేయులు, ఫ్రెంచివారు తలపడ్డారు. యూరోపియన్ కవాతు నేర్చిన సిపాయిలు ఆ యుద్ధంలో పాల్గొన్నారు. 1760ల మధ్యలో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి. జమీందారుల సొంత బలగాలకు అవసరం తగ్గింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక డెల్టా ప్రధానంగా వరి పండించే సీమగా రూపుదిద్దుకుంది. 1878 నాటి ఆయుధాల చట్టం అనుమతిపత్రం లేకుండా ఆయుధాలు ధరించడాన్ని నేరం చేసింది. జీవనోపాధిగా ఆయుధవిద్యకు చోటులేని ఈ కాలంలో దానికి మిగిలిన సమ్మతమైన వేదిక పండుగ. ఆయుధపూజతో ముడిపడిన దసరా అందుకు అన్నివిధాలా తగినది.

రెండోది జాతీయోద్యమ కాలం. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ప్రసంగించిన తరువాత విద్యార్థుల్లో వందేమాతర ఉద్యమం రగిలింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుంచి బహిష్కృతుడయ్యాడు. అదే ఏడాది కాకినాడలో వందేమాతరం అన్న బాలుణ్ణి కెంప్ అనే ఆంగ్లేయ వైద్యాధికారి కొట్టడంతో అల్లర్లు చెలరేగాయి. వీధిలో బాలుడి దేహం, పరాయి అధికారి చెయ్యి అన్న ఈ దృశ్యం దేహబలం గురించిన ఆలోచనకు కొత్త అర్థం ఇచ్చింది. సుమారు ఇదే కాలంలో బెంగాలులో సరళాదేవి చౌధురాణి దుర్గాపూజ అష్టమినాడు వీరాష్టమి పేరిట యువకులచేత లాఠీ, కత్తి విద్యల ప్రదర్శనలు ఏర్పాటు చేసింది. దేవీ నవరాత్రులకూ దేహశిక్షణకూ జాతీయభావంతో ముడివేయడం ఒక్క ప్రాంతానికి పరిమితమైన ధోరణి కాదు.

‘ఆంగ్లేయులను ఎదిరించడానికే’ అన్న వివరణ ఈ రెండో కాలపు భాషలో ఉంది. అంతమాత్రాన అది అసత్యం కాదు. వృత్తిగా అంతరిస్తున్న విద్యను వీధి కాపాడుకోగా, తరువాతి తరం దానికి దేశభక్తిపరమైన ప్రయోజనాన్ని చెప్పుకుంది. మౌఖిక చరిత్రలో ఆరంభం, ఆశయం ఒకే కాలానికి చెందనవసరం లేదు.

5. వీధి, దళం, కవాతు

జాతీయోద్యమం గోదావరి ప్రాంతానికి మరో రకమైన క్రమశిక్షణను కూడా పరిచయం చేసింది. చీరాల-పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపిన రామదండు తెలుగునాట కార్యకర్తల దళానికి తొలి నమూనాల్లో ఒకటి. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభ సమయంలోనే ఎన్.ఎస్. హార్డీకర్ నాయకత్వాన హిందుస్థానీ సేవాదళం ఏర్పడింది. సమానమైన దుస్తులు, పతాకవందనం, వరుస నడక దాని లక్షణాలు. ఆ సందర్భంలోనే బాలికగా ఉన్న దుర్గాబాయి ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర కార్యకర్తగా నిలబడి, టిక్కెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను ఆపింది. డెల్టాలో ఆడపిల్ల బహిరంగస్థలంలో క్రమశిక్షణకు ప్రతినిధిగా నిలిచిన తొలి ప్రసిద్ధ ఘట్టాల్లో ఇది ఒకటి. స్వాతంత్ర్యానంతరం 1948 చట్టంతో ఏర్పడిన ఎన్.సి.సి., జాతీయ దినోత్సవాల్లో పాఠశాల విద్యార్థుల కవాతు ఈ ధోరణినే కొనసాగించాయి.

ఈ విధంగా గోదావరి యువతకు రెండు శిక్షణా సంప్రదాయాలు లభించాయి. కవాతులో అందరూ ఒకేలా కదలాలి. వ్యక్తి దళంలో లీనమవుతాడు. తాలింఖానాలో ఒక్కొక్కరు బరిలోకి వచ్చి సొంత నైపుణ్యం చూపాలి. ఆ పేరు మాత్రం వీధికి దక్కుతుంది. మొదటిదానికి పాఠశాల, ప్రభుత్వం ఆధారం. రెండోదానికి వీధి పెద్దలు, గురువులు, చందాలు ఆధారం.

వీధి ప్రాతినిధ్యం కోనసీమ ఊరేగింపు సంస్కృతిలో లోతుగా పాతుకున్న భావన. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి పదకొండు గ్రామాల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు మనుషుల భుజాలమీద చేలు, కాలువలు దాటి వస్తాయి. అక్కడ ప్రభ ఊరికి ప్రతినిధి. అమలాపురంలో వాహనం, తాలింఖానా వీధికి ప్రతినిధులు. 2023 గణతంత్ర దినోత్సవంలో ప్రభల తీర్థం ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ కర్తవ్యపథంలో కనిపించింది. చేలకు అడ్డంపడి నడిచే ప్రభ కవాతు బాటలో వాహనంమీద సాగింది. గౌరవం దక్కింది, కానీ అక్కడ ప్రభను నడిపించింది మోసే భుజాలు కాదు, వాహనం. స్థానిక సంప్రదాయం ప్రదర్శనగా స్థిరపడినప్పుడు దాని వెనుక ఉన్న శ్రమ కనుమరుగయ్యే తీరుకు ఇది ఉదాహరణ.

6. శాల నిలుస్తుందా?

తాలింఖానా ఎదుర్కొంటున్న అసలు ప్రశ్న ఇదే. ఊరేగింపుకు ఆదరణ తగ్గలేదు. విద్యుద్దీపాలు, ధ్వనియంత్రాలు, సెల్‌ఫోన్ చిత్రాలు దాని ఆకర్షణను పెంచాయి. శాల పరిస్థితి వేరు. చదువు కోసం, ఉద్యోగం కోసం పిల్లలు ఊరు విడుస్తున్నారు. దసరా సెలవులకు వచ్చిన యువకుడు ఊరేగింపులో నడవగలడు. కళ్లకు గంతలు కట్టుకుని కత్తి పట్టగల అభ్యాసాన్ని ఆ కొద్దిరోజుల్లో సంపాదించలేడు. శిక్షణ పలచబడితే రెండు పరిణామాలకు అవకాశం ఉంది. క్లిష్టమైన అంశాలు ఒక్కొక్కటిగా తొలగిపోవచ్చు. లేదా తగిన సాధన లేకుండానే వాటిని ప్రదర్శించే ప్రమాదం ఏర్పడవచ్చు. రెండో పరిణామంలో మూల్యం చెల్లించేది నేలమీద పడుకున్న సహచరుడు.

పాఠశాల బ్యాండుకు ఉపాధ్యాయుడు, సమయపట్టిక, తరగతి ఉంటాయి. ఒక తరం వెళ్లిపోయినా వాయిద్యాలు, పాఠం మిగులుతాయి. తాలింఖానా పాఠం గురువు దేహంలో ఉంటుంది. కాబట్టి పరిశోధకులు నమోదు చేయవలసింది ఉత్సవ దృశ్యాలను మాత్రమే కాదు. వరుసల పేర్లు, అడుగుల క్రమం, దెబ్బ కాచుకునే పద్ధతులు, గురుశిష్య పరంపర, అభ్యాసవేళ వాడే పారిభాషిక పదాలు అత్యవసరంగా సేకరించవలసిన సామగ్రి. ‘సాము’, ‘గరిడి’ అన్న పదాలకు నిఘంటువులు ఇచ్చిన క్లుప్తమైన అర్థాలకు జీవమున్న వివరణ ఈ వీధుల్లోనే లభిస్తుంది.

7. ముగింపు

చెడీ తాలింఖానా పేరు దక్కను సైనిక సంస్కృతి నుంచి, వేదిక దేవీ నవరాత్రుల నుంచి, ఆశయ వివరణ జాతీయోద్యమం నుంచి, నిర్వహణ కోనసీమ వీధి వ్యవస్థ నుంచి వచ్చాయి. ఇన్ని కాలాలను కలిపి నిలిపింది బోధన. ఒక వీధి తన పిల్లలకు ప్రమాదకరమైన సాధనాన్ని అందించి, దానితో ఎవరికీ హాని జరగకుండా ఎలా మెలగాలో నేర్పింది. విజయదశమి రాత్రి పట్టణం చూసేది ఆ పాఠం ఫలితాన్ని. ‘ఖానా’ అన్న మాటకు అర్థమైన శాల నిలిచినంతకాలమే పేరులోని మిగిలిన రెండు మాటలకూ అర్థం నిలుస్తుంది.