గులాబీ నాటిన చోట

యుద్ధాన్ని ద్వేషించే పాట యుద్ధభేరిలాగా మోగవచ్చునా? యిది కేవలం సంగీతజ్ఞులు తేల్చుకోవలసిన ప్రశ్న కాదు. రూపానికీ వస్తువుకూ వుండే సంబంధాన్ని గురించి మనం చిరకాలంగా చేస్తూ వున్న చర్చలో యిదీ ఒక భాగమే.

స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణంలో 1981లో 'బిగ్ కంట్రీ' అనే రాక్ బృందం ఏర్పడింది. స్టువర్ట్ ఆడమ్‌సన్ దాని నాయకుడు, గాయకుడు. వారి 'స్టీల్‌టౌన్' ఆల్బమ్ 1984 అక్టోబరులో వెలువడి బ్రిటిష్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానాన్ని అందుకున్నది. అందులో నుంచి 'వేర్ ది రోజ్ ఈజ్ సోన్' అన్న పాటను విడి రికార్డుగా తెచ్చారు. గులాబీ నాటిన చోట అని దాని అర్థం. ఆ రికార్డు మాత్రం 29వ స్థానం దాటి పైకి పోలేదు. పాటలో మాట్లాడేది ఒక మామూలు సైనికుడు. తాను రణరంగంలో చస్తే శవాన్ని యింటికి చేర్చి, గులాబీ నాటిన చోట పాతిపెట్టమని అతడు కోరుకుంటాడు. యీ కోరికలో మొదటి సగం కవి కల్పించింది కాదు. అమెరికన్ సైనికులు కవాతులో పాడుకొనే పదం నుంచి వచ్చింది. వియత్నాం యుద్ధంలో పాల్గొన్న టిమ్ ఒబ్రైన్ 1973లో తన జ్ఞాపకాల గ్రంథానికి ఆ పదాన్నే పేరుగా పెట్టుకున్నాడు.

యీ పాటను తరగతిలో వినిపించినప్పుడు ఒక విద్యార్థి, "యిది సైన్యంలో చేరమని పిలిచే పాటలాగా వుందండీ" అన్నాడు. తక్కినవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అతని చెవి సరిగ్గానే విన్నది. బిగ్ కంట్రీ వాయించే గిటార్లు బ్యాగ్‌పైపుల్లాగా ధ్వనిస్తాయి. మన తిత్తి కుటుంబానికే చెందిన యీ వాద్యం స్కాట్లండులో పెళ్లికీ చావుకూ పలికింది. కాని ప్రపంచం దాన్ని ఎక్కువగా విన్నది బ్రిటిష్ రెజిమెంట్ల ముందుభాగాన. అందుచేత యీ పాటను అర్థం చేసుకోవాలంటే ఆ రెజిమెంట్ల చరిత్రను తెలుసుకోవాలి.

1746లో కలోడెన్ దగ్గర హైలాండ్ తిరుగుబాటుదారులు చిత్తుగా ఓడిపోయారు. పదకొండేళ్లకల్లా, 1757లో, బ్రిటిష్ పాలకవర్గం అదే కొండసీమలో రెజిమెంట్లను కూడగట్టి ఉత్తర అమెరికాలో ఫ్రెంచివారి మీదికి పంపింది. నిన్నటి శత్రువు నేటి తుపాకి మేత అయినాడు. 1799లో సదర్లండు ప్రాంతంలో 93వ హైలాండ్ రెజిమెంటు ఏర్పడింది. ఆ వూళ్ల బిడ్డలు రాజు కోసం పోరాడుతూ వుండగానే, అదే సదర్లండులోని స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లోనూ 1819లోనూ భూస్వాములు రైతులను వెళ్లగొట్టి, యిళ్లు తగలబెట్టి, ఆ నేలను గొర్రెల మందలకు యిచ్చారు.

యీ కథ మనకు దూరమైనది కాదు. 1857 నవంబరులో లక్నోలోని సికందర్‌బాగ్‌లో తిరుగుబాటు సిపాయీలను ఊచకోత కోసిన బలగాలలో యీ 93వ రెజిమెంటు ఒకటి. ఆ సిపాయీలలో ఎందరో అవధ్ రైతుబిడ్డలు. ఒక దేశంలో భూమి పోగొట్టుకొన్న జనం పేరుతో నడిచే పటాలం మరొక దేశపు రైతుబిడ్డలను చంపింది. సామ్రాజ్యవాదం పనిచేసే తీరు యిదే. అది మొదట మనిషి కాలికింది నేలను లాగుతుంది. తరువాత అతని చేతికి తుపాకి యిస్తుంది.

యిరవయ్యవ శతాబ్దంలో నేల స్థానంలోకి కర్మాగారం వచ్చింది. 1930లలో స్టివార్ట్స్ అండ్ లాయిడ్స్ కంపెనీ యింగ్లండులోని కార్బీలో వుక్కు కర్మాగారం పెట్టినప్పుడు వేలాది స్కాటిష్ కార్మికులు అక్కడికి వలసపోయారు. 'స్టీల్‌టౌన్' అన్న పేరు ఆ వూరిదే. 1980లో అక్కడ వుక్కు తయారీ ఆగిపోయింది. 1982 జనవరిలో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఏప్రిల్‌లో ఫాక్‌లండ్స్ యుద్ధం వచ్చింది. 74 రోజులలో 255 మంది బ్రిటిష్ సైనికులూ 649 మంది అర్జెంటీనా సైనికులూ చనిపోయారు. మరుసటి సంవత్సరం జూన్‌లో థాచర్ ప్రభుత్వం భారీ ఆధిక్యంతో తిరిగి గెలిచింది. 1984 మార్చిలో గని కార్మికుల సమ్మె మొదలయింది. ఆల్బమ్ వెలువడేనాటికి డన్‌ఫర్మ్‌లిన్ చుట్టూ వున్న ఫైఫ్ బొగ్గుగనుల కార్మికులు కూడా ఆ సమ్మెలోనే వున్నారు.

ఆడమ్‌సన్‌కు యీ వస్తువు కొత్త కాదు. అంతకుముందు అతడు గిటారు వాయించిన 'స్కిడ్స్' బృందం 1979లో 'యింటు ది వ్యాలీ' అన్న పాట తెచ్చింది. సైన్యంలో చేరి ఉత్తర ఐర్లండుకు పోయే స్కాటిష్ కుర్రవాళ్లు ఆ పాటకు వస్తువు.

అర్జెంటీనాలో వున్నది సైనిక నియంతృత్వం కదా, దానిమీద యుద్ధాన్ని ఎట్లా కాదంటారు అని ఆనాడు యుద్ధ వ్యతిరేకులను నిలదీశారు. ప్రశ్న తేలికైనది కాదు. ఆ నియంతలను సమర్థించడం ఏ అభ్యుదయవాదికీ తగదు. కాని బ్రిటన్ పోగొట్టుకొన్న 'షెఫీల్డ్' యుద్ధనౌక ఏ తరగతికి చెందిందో, అర్జెంటీనా నౌకాదళంలోని 'హెర్కులెస్' కూడా ఆ తరగతికే చెందింది. దాన్ని కట్టింది యింగ్లండులోని బారో రేవులో. ఆయుధాల బేరం కుదిరినప్పుడు అడ్డురాని ప్రజాస్వామ్యం, కుర్రవాళ్లను వోడలెక్కించేటప్పుడే గుర్తుకు వచ్చింది.

యిప్పుడు ఆ విద్యార్థి మాటకు తిరిగి వద్దాం. పాట కవాతులాగా వుండడం దోషమా? బయట నిలబడి యుద్ధం చెడ్డదని బోధించే పాట విన్నవాడు తల వూపి వూరుకుంటాడు. యీ పాట అట్లా బోధించదు. కుర్రవాణ్ణి యింటినుంచి లాక్కుపోయిన నాదాన్నే వినిపించి, ఆ నాదానికి మన కాలు కూడా కదిలేటట్లు చేసి, దాని చివర వున్న శవపేటికను చూపుతుంది. కాలు కదిపినందుకు మనం సిగ్గుపడతాం. రూపం యిక్కడ వస్తువుకు అలంకారం కాదు, నేరానికి సాక్ష్యం.

అయితే దీని పరిమితిని దాచడం విమర్శకుడికి తగదు. తొందరలో వినేవాడికి సాక్ష్యం వినిపించదు, నాదం ఒక్కటే వినిపిస్తుంది. పైగా పాటలో సైనికుడి గొంతు వుంది గాని, అతన్ని పంపినవాడి ముఖం స్పష్టంగా లేదు. అవతలి కందకంలో చలికి వణికిన అర్జెంటీనా నిర్బంధ సైనికుడు అసలే లేడు. గులాబీ నాటిన నేల ఎవరి సొత్తు అన్న ప్రశ్నను కూడా పాట అడగదు.

ఆ ప్రశ్న అడగడం మన పని. తరగతిలో యీ పాట వినిపించేవారు దానితోపాటు స్ట్రాత్‌నేవర్‌ను గురించీ కార్బీని గురించీ సికందర్‌బాగ్‌ను గురించీ చెప్పాలి. అప్పుడు "సైన్యంలో చేరమని పిలిచే పాటలాగా వుంది" అన్న విద్యార్థే, "పిలిచేది ఎవరు? పోయేది ఎవరు?" అని అడుగుతాడు. మా తరగతిలో ఆ మరుసటి వారం అతడు అడిగింది సరిగ్గా అదే.