గాంధీని ఇంటికి తీసుకెళ్లిన పాస్టర్

మన కొత్తవలస పేరులోనే వలస ఉంది. 1860 తర్వాత ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకు తోటలకు వెళ్లారు. గడువు తీరాక అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను. పక్కనున్న ట్రాన్స్‌వాల్‌లో ఇంకో చట్టం: ఆసియా వాళ్లు వేలిముద్రలేసి పేరు నమోదు చేసుకోవాలి. మనం ఫోన్ అన్‌లాక్ చేసినట్టు కాదు, దొంగల దగ్గర తీసుకున్నట్టు.

1908 ఫిబ్రవరి 10. ప్రభుత్వంతో రాజీ కుదిరి గాంధీ నమోదుకు బయల్దేరాడు. అమ్ముడుపోయాడనుకుని మీర్ ఆలం అనే పఠాన్ దారిలో కొట్టాడు. అడ్డొచ్చిన తంబి నాయుడుకీ దెబ్బలు తగిలాయి. గాంధీని ఇంటికి తీసుకెళ్లింది జోసెఫ్ డోక్ అనే తెల్ల బాప్టిస్ట్ పాస్టర్. తన చర్చివాళ్లు ఏమనుకుంటారోనని ఆగలేదు. హిందువులు, ముస్లింలు, వీధుల్లో సరుకులమ్మేవాళ్లు దుమ్ము కాళ్లతోనే ఆయన ఇంట్లోకి వచ్చి గాంధీని చూసి వెళ్లారు. నాకైతే ఎన్ని ఉపన్యాసాల కన్నా ఇదే పెద్ద పని. గాంధీ కేసు వద్దన్నాడు, అయినా మీర్ ఆలంకి జైలు పడింది.

ఒకటి చెప్పాలి, అప్పటి గాంధీ పోరాటం భారతీయుల కోసమే, అక్కడి నల్లవాళ్ల కోసం కాదు.

ప్రభుత్వం మాట తప్పింది. ఆగస్టు 16న హమీదియా మసీదు దగ్గర అందరూ తమ పత్రాలు తగలబెట్టారు. మీర్ ఆలం కూడా వచ్చి, తప్పు చేశానని చెప్పి, తన పత్రం ఇచ్చాడు. గాంధీ చెయ్యి కలిపాడు. కూలీల మీద ఆ 3 పౌండ్ల పన్ను పోవడానికి మాత్రం 1914 దాకా పట్టింది.