తలకు దగిన శిరస్త్రాణము



మన పెద్దలు ధరించు తలపాగాకు కొలత యను మాట లేదు. ఎవని తలకు జుట్టిన వాని తలయే దానికి కొలత. నలుగురన్నదమ్ములకు ఒక్క పాగాయే చాలును. శిరస్త్రాణ మట్టిది కాదు. అది గట్టి పెంకుతో తయారై వచ్చును. మన తలనుబట్టి పెరుగదు, తరుగదు. మనమే దానిని తలకు సరిచూచి యెన్నుకొనవలెను. ఈ యెన్నికలో జరుగు చిన్న పొరపాటు ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చును.

నేడు నగరముల చెంత కార్టు బండ్ల పందెములు పిల్లలకు మిక్కిలి ప్రియమైనవి. సెలవులకు వచ్చిన మనుమడు తనకొక శిరస్త్రాణము కొనిపెట్టుమని తాతగారి నడుగును. తాతగారు అంగడికి బోయి, "పెరుగు పిల్లవాడు గదా! రెండేండ్లు పనికివచ్చునట్లు ఒక కొలత పెద్దది యిమ్ము" అందురు. చొక్కా విషయమున ఈ మాట వివేకమే. శిరస్త్రాణము విషయమున నిది ప్రమాదము. ఏలనో తెలిసికొనుటకు దాని చరిత్రము కొంత వినవలసియున్నది.

ఇంగ్లండు దేశమున సర్రే మండలమందలి బ్రూక్‌లాండ్స్ అనుచోట 1907 లో మోటారు పందెములకై ఒక బాట నిర్మింపబడెను. అచ్చటి వైద్యాధికారి డాక్టరు ఎరిక్ గార్డినరు. మోటారు సైకిళ్లపైనుండి పడినవారికి తలదెబ్బలు తరచుగా తగులుటను ఆయన గమనించెను. తోలుటోపి గాలి నాపును గాని దెబ్బ నాపజాలదు. అందుచేత ఆయన లండను నగరమున బెత్నల్ గ్రీన్ పేటలోని మాస్ అను పనివానిచే, కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపి నొకదానిని చేయించెను. పందెముల నిర్వాహకసంఘమువారు మొదట దాని నొల్లకపోయిరి. పిదప మనసు మార్చుకొని, 1914 లో ఐల్ ఆఫ్ మాన్ దీవి పందెమున ప్రతివాడును దానిని ధరింపవలెనని నియమించిరి. గార్డినరు 94 టోపులను వెంటగొని ఆ దీవికి బోయెను. ఒక పందెగాడు గేటునకు తల తాకియు ఆ టోపివలన బ్రతికి బయటపడెను. ప్రతియేటను పందెముల పిదప మెదడదరినవారు తనకడకు వచ్చుచుండెడివారనియు, ఆ యేడు అట్టివా రొక్కరును రాలేదనియు ఆ దీవి వైద్యాధికారి గార్డినరునకు జాబు వ్రాసెనట.

అయినను పందెపు బాటకు వెలుపల నీ మాటను లక్ష్యపెట్టినవారు లేరు. మొదటి ప్రపంచయుద్ధమున అరబ్బుల పక్షమున నిలిచి ప్రఖ్యాతి గాంచిన టి. ఇ. లారెన్సు 1935 మే 13 వ తేదీని మోటారు సైకిలుపై బోవుచు, సైకిళ్లపై వచ్చు ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలపై రక్షణ యేమియు లేదు. స్పృహ లేకుండ ఆరు దినములుండి 19 వ తేదీని మరణించెను. ఆయనను పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యు డొకడు. ఆ మరణ మాయనను విడువని చింతయై నిలిచెను. రెండవ యుద్ధకాలమున సైన్యపు వార్తాహరులు అనేకులు మోటారు సైకిళ్లపైనుండి పడి మరణించుచుండగా, కెయిర్న్స్ లెక్కలు కూర్చి 1941 లో బ్రిటిష్ వైద్యపత్రికయందు ప్రకటించెను. శిరస్త్రాణము ధరించి పడినవారు ఆయన కంటబడినది ఏడుగురే. ఆ యేడుగురును బ్రతికిరి. ఆ సంవత్సరము నవంబరు మాసమున బ్రిటిష్ సైన్యము తన మోటారు సైకిలు భటులందరికిని శిరస్త్రాణమును నిర్బంధము చేసెను.

గట్టి పెంకు మాత్రము చాలునా? చాలదు. కుండ బండపై బడిన పగులును. గడ్డివామిపై బడిన నిలుచును. బండపై కుండ ఒక్కసారిగా నాగును. గడ్డిపై మెల్లగా నాగును. తలయు నట్టిదే. పెంకు క్రింద దెబ్బకు నలిగిపోవు దళసరి పొర యున్నచో, తల ఒక్క పెట్టున గాక క్రమముగా నాగును. మెదడునకు చేటు తగ్గును. ఈ తత్త్వము ననుసరించి అమెరికాలో సి. ఎఫ్. లొంబార్డు మొదలైనవారు నిర్మించిన శిరస్త్రాణమునకు 1953 లో పేటెంటు లభించెను. నేటి శిరస్త్రాణముల లోపలి తెల్లని నురుగుపొర ఆ సంతతిదే. ఒకసారి నలిగిన యా పొర మరల లేవదు. కావున గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణము పైకి నిగనిగలాడుచున్నను పనికిరాదు.

1956 వ సంవత్సర మీ చరిత్రమున రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేడు పీట్ స్నెల్ అను అమెరికా పందెగాడు కారు బోల్తాపడి, ధరించిన శిరస్త్రాణము కాపాడజాలక మరణించెను. ఆయన మిత్రులు డాక్టరు జార్జి స్నైవ్లీతో గలసి 1957 లో ఆయన పేర నొక సంస్థను స్థాపించి, శిరస్త్రాణములను పరీక్షించి ముద్రవేయు పద్ధతి నేర్పరచిరి. ఆ 1956 లోనే కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అను పనివాడు, గడ్డి కోయు యంత్రపు ఇంజను నొక చిన్న చట్రమునకు బిగించి మొదటి కార్టు బండిని చేసెను.

కార్టు బండికి కప్పు లేదు, తలుపులు లేవు. ఆసనము నేలకు బెత్తెడెత్తున నుండును. పందెపు కార్టులలో సాధారణముగా నడుమునకు పట్టీయు నుండదు. బండి తలక్రిందులైన తోలువాడు దూరముగా విసరివేయబడును. కావున స్నెల్ సంస్థవారు 1998 లో కార్టు పందెములకు ప్రత్యేక ప్రమాణమును ప్రకటించిరి. 2007 లో అంతర్జాతీయ మోటారు సమాఖ్యతో గూడి బాలురకు వేరొక ప్రమాణము నేర్పరచి, శిరస్త్రాణము బరువునకు హద్దు పెట్టిరి. పిల్లల మెడ బరువు నోర్వలేదు గదా!

ఇపుడు తాతగారి మాటకు వత్తము. వదులైన శిరస్త్రాణమునందు తలకును నురుగుపొరకును నడుమ సందు మిగులును. నేల దాకినపుడు తల ముందా సందులో కొట్టుకొని, పిదప గాని పొరను జేరదు. లేదా శిరస్త్రాణము గిఱ్ఱున దిరిగి కన్నులు మూయును, లేదా ఊడిపోవును. రెండేండ్ల తరువాత సరిపోవునది నేడు పడిన పిల్లవానికి అక్కరకు రాదు.

కొనువిధ మిది. దర్జీ టేపును కనుబొమలకు అంగుళము పైన, చెవులకు మీదుగా, వెనుక తల మిక్కిలి యుబ్బినచోట బోవునట్లు చుట్టి, రెండు మూడు మార్లు కొలిచి పెద్ద కొలతను గైకొనవలెను. కొలత సరియైనను ఆకారము సరిపడకపోవచ్చును. కొందరిది గుండ్రని తల, కొందరిది కోలతల. కావున పిల్లవానిని వెంట దీసికొని పోవలెను. తొడిగినపుడు చెంపదిండ్లు బుగ్గలను అదుముకొనవలెను. నుదుటి కడ వ్రేలు దూరరాదు. శిరస్త్రాణమును పట్టి కదిపిన నుదుటి చర్మము దానితోగూడ కదలవలెను. గడ్డము క్రింది పట్టీ బిగించి, వెనుక యంచును పట్టి ముందునకు ఎత్తిచూడవలెను, ఊడివచ్చినచో వదలివేయవలెను. పావుగంట సేపు ధరింపజేసి తీసినపుడు నుదుట నొక్కచోట ఎఱ్ఱగా కమిలినచో ఆ యాకారము వానికి తగదు. పొడవైన జుట్టును, మెడలోని వస్త్రమును లోనికి ముడిచి కట్టవలెను. 2020 లో హైదరాబాదు సమీపమున కార్టు చక్రమున జుట్టు చిక్కి ఒక నిండు ప్రాణము పోయినది. బాటవా రిచ్చు శిరస్త్రాణమునైనను ఈ విధముగనే పరీక్షింపవలెను.

వైద్యులు లెక్కించి చెప్పిరి; పనివారు చేసియిచ్చిరి; సంస్థలు పరీక్షించి ముద్రవేసిరి. మిగిలిన పని అంగడిలో నిలిచిన పెద్దలది. వచ్చే యేట పిల్లవాని తల పెరిగినచో మరియొకటి కొనవచ్చును. ఆ వ్యయమునకు వెనుదీయకుడని మనవి.