కంప్యూటరులోని పలక: పుట్టుపూర్వోత్తరములు

ఖరగ్‌పూర్ పట్టణమున, సుభాష్‌పల్లిలో, మా యింటి ముందుగది కిటికీ ప్రక్కన పదునాలుగేండ్లనాటి కంప్యూటరొకటి కలదు. బరువైన ఆఫీసు సాఫ్ట్‌వేరును తెరువబోయినచో అది గేటు పడినచోట ఎద్దుబండివలె నిలిచిపోవును గాని, అక్షరములను వ్రాసి దాచుటకు మించి మరేమియు చేయని చిన్న ఎడిటరును మాత్రము రెప్పపాటులో నా ముందుంచును. నాకు నిత్యము కావలసినది ఆ చిన్నదియే. బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ జంక్షనును నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములు విడిచి యిచటికి వలసవచ్చిన కుటుంబములలో మాదియు నొకటి. అమ్మ అచటినుండి తెచ్చుకొన్న వంటల కొలతలు, పండుగలనాటి పాటలు, మా వంశమున ఎవరెవరు ఏయే సంవత్సరమున వర్క్‌షాపు పనిలో చేరిరను వివరము, ఇవన్నియు నేనా చిన్న ఎడిటరులోనే వ్రాసికొనుచున్నాను.

ఇవి యొకసారి నా చేతినుండి జారిపోయినవి. ఇరువదియేండ్ల క్రిందట వీనినే ఒక డి.టి.పి. దుకాణమున ప్రత్యేకమైన ఫాంటుతో టైపు చేయించి ఫ్లాపీలో దాచుకొంటిని. నాలుగేండ్లు గడచినపిమ్మట మరియొక యంత్రమున తెరచి చూడగా, తెలుగు మచ్చునకైనను లేక, రోమను లిపి అక్షరములును అర్థము లేని గుర్తులును పుటలకొలది కానవచ్చినవి. ఆనాటి ఫాంట్లలో పెక్కు, తెలుగు అక్షరపు ముక్కలను రోమను అక్షరముల స్థానములలో తమకు తోచిన వరుసలో అమర్చినవి; ఫాంటు లేనిదే వ్రాత లేదు. వ్రాత యనునది దానిని చూపు యంత్రాలంకారములతో ముడివడక తనంత తాను బ్రదుకవలెనని నాకు బోధపడినది ఆనాడే. కేవలాక్షరములనే దాచు ఈ తేలిక యెడిటర్ల పుట్టుక నన్వేషింపజేసినది కూడ ఆ నష్టమే.

వీని మూలపురుషునికి తెర లేదు. 1960ల మధ్యకాలమున కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో బట్లర్ లాంప్సన్, పీటర్ డాయిచ్ అనువారలు క్యూ.ఇ.డి. అను ఎడిటరును నిర్మించిరి. దానిని మరియొక యంత్రమునకై తిరిగి వ్రాసిన కెన్ థాంప్సన్, 1969 వేసవిలో, తన భార్య పసిబిడ్డతో బంధువుల యింటికి వెళ్లియుండిన కొద్ది వారములలో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు యూనిక్స్ అను నిర్వాహక వ్యవస్థకు పునాది వేయుచు, దానితోబాటు 'ఇ.డి.' అను రెండక్షరముల పేరుగల ఎడిటరును వ్రాసెను. ఆయన కప్పుడు దొరికిన పి.డి.పి.-7 యంత్రపు స్మృతి ఎనిమిదివేల పదములకు పరిమితము. అందొక్కొక్క పదము పదునెనిమిది బిట్లు మాత్రమే. వ్రాయువాని యెదుట నుండినది టెలిటైపు యంత్రము. అది తెరపై చూపదు, కాగితపు చుట్టపై కొట్టును; క్షణమునకు పదియక్షరముల కంటె వేగముగ కొట్టలేదు. కనుక పంక్తి సంఖ్య చెప్పి, చెరుపుమనుటకు 'డి', చూపుమనుటకు 'పి', దాచుమనుటకు 'డబ్ల్యు' అని యొక్కొక్క అక్షరముతోనే ఆజ్ఞాపింపవలెను. తప్పు జరిగినపుడు ఇ.డి. ఇచ్చు ప్రత్యుత్తరము ఒకే యొక ప్రశ్నార్థకము.

ఈ క్లుప్తతను కొందరు మొరటుతనముగ నెంచుదురు. నేనట్లు తలపను. తంతి వార్తలో మాటకు మాట లెక్కించి, 'బయలుదేరితిని' అన్నచోట సరిపోవునప్పుడు 'నేను' అని వ్రాయని తరమువారు ఈ రైల్వే పట్టణమున నిన్నమొన్నటి వరకు నుండిరి. తీగ నెమ్మదియైనచోట మాట పొదుపగుట సహజము. ఆ పొదుపులో ఎదుటివాని కాలముపట్ల గౌరవము కూడ కలదు.

తెర వచ్చినపిమ్మట సైతము ఆ పొదుపు పోలేదు. లండనులోని క్వీన్ మేరీ కళాశాలకు చెందిన జార్జ్ కూలూరిస్ ఇ.డి.ని సామాన్యులకు సులభము చేయదలచి 'ఇ.ఎం.' అను రూపమును సిద్ధపరచి, 1976లో బర్క్‌లీకి వెళ్లినపుడు దానిని చూపగా, అచటి విద్యార్థియైన బిల్ జాయ్ దానినుండి ప్రేరణ పొంది 'ఎక్స్'ను, దానికి తెరరూపమైన 'వి.ఐ.'ని నిర్మించెను. జాయ్ తన యింటినుండి 300 బాడ్ల మోడెము ద్వారా పని చేయుచుండెను. అనగా క్షణమునకు సుమారు ముప్పదియక్షరములు. తెరనంతయు తిరిగి గీయుట ఆ తీగకు మోయరాని భారము కావున, కనీసమగు తాకుడుతో గరిష్ఠమగు మార్పు జరుగవలెనని ఆయన కోరెను. కర్సరును నాలుగు దిక్కులకు నడుపుటకు హెచ్, జె, కె, ఎల్ మీటలేల యని నేటి విద్యార్థులు అడుగుదురు: ఆయన వాడిన ఎ.డి.ఎం.-3ఎ టెర్మినలుపై బాణపు గుర్తులు ఆ నాలుగు మీటల మీదనే అచ్చువేయబడియుండెను. ఆ టెర్మినళ్లు మ్యూజియములు చేరినవి గాని, 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన 'విమ్' ద్వారా ఆ మీటలు మాత్రము నేటికిని ఆ పనియే చేయుచున్నవి. ఇంచుమించు వి.ఐ. పుట్టిన కాలముననే మసాచుసెట్స్‌లో పుట్టిన ఈమాక్స్ మరియొక మార్గమున ఎదిగి మహావృక్షమైనది. తేలికదనము దాని వ్రతము కాదు గనుక దానినిచట విడిచెదను.

మన యిండ్లలోనికి వచ్చినది నోట్‌ప్యాడ్. మైక్రోసాఫ్ట్ సంస్థయందు రిచర్డ్ బ్రోడీ వ్రాసిన దాని తొలిరూపము 1983లో మౌసుతోబాటు ప్రదర్శింపబడి, 1985లో విండోస్ మొదటి సంచికలో చేరెను. విండోస్ 95, 98 కాలమున అది 64 కిలోబైట్లకు మించిన ఫైలును తెరువజాలదు. దానికి చిరకాలము వెంటనంటిన మరియొక లోపమునందు టైపురైటరు చరిత్రయే దాగియున్నది. టైపురైటరుపై పంక్తి ముగిసినపుడు క్యారేజీని మొదటికి త్రోయుట యొక పని, కాగితమును పైకి జరుపుట యొక పని. టెలిటైపు ఆ రెండింటికి రెండు సంకేతములు పంపెడిది. విండోస్ ఆ రెండింటిని నిలుపుకొనెను, యూనిక్స్ ఒక దానితోనే తృప్తిపడెను. అందువలన యూనిక్స్ బాటలో నడచు లినక్స్ యంత్రమున వ్రాసిన ఫైలును నోట్‌ప్యాడులో తెరచినచో పంక్తులన్నియు అతుకుకొని యొకటే బారుగ సాగెడివి. 2018లో గాని ఈ చిక్కు తీరలేదు. డాన్ హో 2003లో విడుదల చేసిన నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌ను అప్పటికే ఎందరో ఆశ్రయించుటకు గల హేతువులలో ఇదియు నొకటి.

ఇంతవరకు చెప్పినదంతయు రోమను అక్షరముల కథ. తెలుగు వాని వ్రాత ఈ పలకపైకి వచ్చినదెట్లు? 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణమునందే, భారతీయ లిపులకై మన దేశమున రూపొందిన ఇస్కీ వరుసను అనుసరించి, తెలుగునకు 128 స్థానముల పేటిక యొకటి ఏర్పడినది. స్థానము దొరికినంత మాత్రమున చాలదు. ఒక బైటు ఒక అక్షరమని నమ్మి వ్రాయబడిన లెక్కలేనన్ని పాత ప్రోగ్రాములు ఆ క్రొత్త సంకేతములను మ్రింగలేవు. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, బల్లపై పరచిన కాగితము మీద ఇద్దరు దీనికి ఉపాయము వ్రాసిరి: రోమను అక్షరములు మునుపటివలెనే ఒక్కొక్క బైటున నుండగా, తక్కిన లిపుల అక్షరములు రెండు, మూడు, నాలుగు బైట్ల గుంపులుగ, వానితో కలగాపులగము కాకుండ సాగును. అదియే యు.టి.ఎఫ్.-8. ఆ యిరువురిలో నొకడు రాబ్ పైక్. రెండవవాడు, ఇరువదిమూడేండ్లకు పూర్వము ఇ.డి.ని వ్రాసిన ఆ కెన్ థాంప్సనే. ఈ సంగతి మొదట తెలిసిననాడు నేను చాలసేపు కుర్చీనుండి లేవలేకపోతిని. కేవలాక్షరముల పలకను చేసిన చేయియే ఆ పలకపై మా అమ్మ మాటలకు చోటు కల్పించినది.

ఇక ఎంపిక. తెలుగు వ్రాయువాడు మొదట పరీక్షింపవలసినది 'లక్ష్మి' అను పేరు. ఫైలులో అది ఏడు సంకేతములు, ఇరువదియొక్క బైట్లు. కంటికి రెండే అక్షరములు. ఆ యేడింటిని కూర్చి క్షకు మవత్తును, గుడిని చేర్చి చూపు పని ఎడిటరు వెనుకనున్న లిపినిర్మాణ యంత్రాంగమునది. నల్లని టెర్మినలులో నడచు వి.ఐ., నానో వంటివి ఎంత తేలికయైనను, టెర్మినలు అక్షరమునకొక గడి చొప్పున పంచునది కావున, పెక్కు టెర్మినళ్లలో మన వత్తులు విడిపోయి దిక్కులేనివగును. కనుక తెలుగునకు మౌస్‌ప్యాడ్, గీనీ, నోట్‌ప్యాడ్ వంటి కిటికీ యెడిటర్లే మేలు. ప్రోగ్రాముల సెట్టింగులు మార్చువారికి నానో చాలును; పేరు పెట్టి దాచునపుడు యు.టి.ఎఫ్.-8 అని యున్నదో లేదో ఎవ్వరైనను ఒకసారి చూచికొనవలెను. మీటల విషయమున, ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరికను నేర్వలేనివారికి రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతియు, దానిబాటలో రోమను మీటలతో తెలుగు వ్రాయనిచ్చు వీవెన్‌గారి లేఖినియు మార్గము చూపినవి.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నొసగ నిర్ణయించినపుడు ఈ వీధులలో సంతసింపనివారు లేరు. ఆ వారముననే నేను అమ్మచెంత కూర్చుండి, పోయిన వంటల కొలతలను మరల మొదటినుండి వ్రాయనారంభించితిని. నిన్న సాయంకాలము ఉలవచారు వంతు వచ్చినది. వ్రాసినంతవరకు చదివి వినిపింపగా ఆమె ఆపి, "పెద్ద నిమ్మకాయంత చింతపండేటిరా? అంత పులుపు ఎవలు తింతారు? పెద్ద తీసీ, నిమ్మకాయంత చాలు" అన్నది. ఆ మాటలోని ఐదు సంకేతములను, దాని వెంటనున్న ఖాళీని చెరిపి దాచితిని. ఫైలు పదహారు బైట్లు తగ్గినది.